గుర్తుకు ఒకే పేరు, ఒకే చోటు

కంప్యూటర్‌లో నొటేషన్ రాసేవాళ్ళకు కాలమంతా స్వరాల దగ్గరే ఖర్చవుతుందని బయటివాళ్ళు అనుకుంటారు. స్వరాలు చకచకా పడిపోతాయి. చెయ్యి ఆగేది గుర్తుల దగ్గర. ఈ కంపితానికి పోయినసారి ఏ గీత వాడాను? జారుకు వాలుగీత పెట్టానా, బాణం పెట్టానా? అనుపల్లవి అయ్యాక మళ్ళీ పల్లవి అందుకోమని ఏ మాటతో రాశాను? పాత ఫైలు తెరవాలి, వెతకాలి, కాపీ చేయాలి. తెచ్చి అతికిస్తే అక్షరం సైజు మారిపోతుంది. ఒక సాయంత్రంలో తేలాల్సిన కీర్తన రెండు సాయంత్రాలు పడుతుంది.

కాగితం అందుకున్నవాళ్ళ నష్టం ఇంకా పెద్దది. ఒక పాటలో అలగీత అంటే కంపితం, ఇంకో పాటలో అదే అలగీత అంటే జారు అని ఉంటే, పాడేవాళ్ళు కాగితాన్ని నమ్మడం మానేస్తారు. నమ్మకం పోయిన నొటేషన్ ఎంత అందంగా అచ్చయినా పాడేవాళ్ళకు సాయపడదు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. ప్రతి గుర్తునూ ఒకసారి కూర్చుని నిర్ణయించండి, దానికో పేరు పెట్టండి, ఒకే చోట ఉంచండి. ఆ తర్వాత రాసే ప్రతి పాటకూ అక్కడినుంచే తీసుకోండి. ఇలా కూడబెట్టుకున్న గుర్తుల సముదాయాన్ని ఇక్కడ ‘గుర్తుల భండారం’ అంటాను. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ ప్రోగ్రాములో దాన్ని పాలెట్ అంటారు, డోరికోలో లైబ్రరీ అంటారు. పేరేదైనా పని ఒకటే.

ఎట్టయపురం నేర్పిన పద్ధతి

ఈ పని కంప్యూటర్‌తో మొదలుకాలేదు. మన భాషలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ప్రచురించారు. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితుల దత్తపుత్రుడు. ఆ గ్రంథం తమిళనాట ఎట్టయపురంలో, అక్కడి సంస్థానం అండతో, తెలుగు లిపిలో అచ్చయింది. తెలుగునేలకు దూరంగా ఉండి తెలుగులో నొటేషన్ రాయడం మనతో మొదలైన పని కాదని తెలిస్తే ధైర్యం వస్తుంది.

ఆ గ్రంథంలో ముత్తుస్వామి దీక్షితుల కృతులే రెండువందలకు పైగా ఉన్నాయి. వాటితోపాటు రాగలక్షణాలు, గీతాలు, వర్ణాలు, సంచారాలు. అన్నిటికీ గమకాలు గుర్తులతో సహా ఇచ్చారు. కంపితానికి అలగీత. స్ఫురితానికి త్రికోణంలా పేర్చిన మూడు చుక్కలు, ప్రత్యాఘాతానికి ఆ త్రికోణమే తలకిందులుగా. ఏట్రజారుకు పైకి లేచే వాలుగీత, ఇరక్కజారుకు కిందికి దిగే వాలుగీత. నొక్కు, రవ, ఖండింపు, వళి వంటివాటికి వేటి గుర్తు వాటికే. గుర్తులు ముందే వివరించి, తర్వాత గ్రంథమంతటా వాటినే వాడారు.

సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి అచ్చువేసే రోజులవి. ప్రతి కృతికీ గుర్తు మారితే కంపోజిటరుకు కొత్త అచ్చు పోత పోయించాలి. అప్పుడు నిర్ణయం ముందుగా తీసుకోక తప్పేది కాదు. ఇప్పుడు మౌస్ లాగితే ఏ గీతైనా వస్తుంది కాబట్టి మనల్ని ఆపేవాళ్ళు లేరు. ఆనాడు అచ్చుయంత్రం పెట్టిన క్రమశిక్షణను ఈనాడు మనకు మనమే పెట్టుకోవాలి.

ఆ గుర్తులను మరోసారి చూడండి. పైకి వెళ్ళే జారుకు పైకి వెళ్ళే గీత, ఊగే స్వరానికి ఊగే గీత. గొంతు చేసే పనే గీతలో కనబడుతుంది. స్ఫురితం, ప్రత్యాఘాతం ఒకే కుటుంబం కాబట్టి వాటి గుర్తులూ ఒకదానికొకటి తిరగేసిన రూపాలే. చూస్తే అర్థం తట్టాలి, బంధువులు బంధువుల్లా కనబడాలి. మీ భండారానికి ఈ రెండు సూత్రాలు చాలు.

ఒకే గదిలో ముగ్గురు చదువరులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లి లాంటి చోట ఈ విషయం మరింత ముఖ్యం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊరిది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. ఇక్కడ ఒక భజన బృందమో, పండక్కి పాడే పిల్లల బృందమో కూర్చుంటే ఒకే పాటను మూడు రకాల కళ్ళు చదువుతాయి. తెలుగు స్వరలిపి చదివే పెద్దావిడ, బెంగాలీవాళ్ళ ఆకార్‌మాత్రిక్ స్వరలిపిలో రవీంద్ర సంగీతం నేర్చుకున్న హార్మోనియం వాయిద్యకారుడు, స్టాఫ్ నొటేషన్ చదివే కీబోర్డు పిల్లాడు. తెలుగు మాట్లాడుతూనే తెలుగు చదవలేని పిల్లలు కూడా ఉంటారు.

ఈ ముగ్గురికీ ఒకే గుర్తు మూడు అర్థాలిస్తుంది. స్వరం మీద చుక్కనే తీసుకోండి. తెలుగు పుస్తకంలో అది తారస్థాయి. స్టాఫ్‌లో అదే చుక్క స్వరాన్ని పొట్టిగా తుంచి వాయించమంటుంది. ఆకార్‌మాత్రిక్‌లో తారస్థాయికి చుక్క ఉండదు, అక్షరం మీద రేఫం ఉంటుంది. మంద్రస్థాయికి అక్షరం కింద హసంత ఉంటుంది, అంటే మన పొల్లులాంటి గుర్తు. గీతల సంగతీ అంతే. మన పుస్తకాల్లో స్వరాల మీద గీత పడితే వేగం రెట్టింపు. హిందుస్తానీలో వాడే భాత్‌ఖండే పద్ధతిలో స్వరం కింద గీత పడితే అది కోమల స్వరం.

అక్షరాల దగ్గర చిక్కు మరీ ఎక్కువ. మనం ‘సరిగమపదని’ అని రాసేటప్పుడు ధైవతానికి చాలాసార్లు వట్టి ‘ద’ వేస్తాం. బెంగాలీ స్వరలిపిలో ‘ధ’ అంటే శుద్ధ ధైవతం, ‘ద’ అంటే కోమల ధైవతం. కోమల రిషభానికి ‘ఋ’, కోమల గాంధారానికి ‘జ్ఞ’, కోమల నిషాదానికి ‘ణ’ వాడతారు. కాబట్టి మన ‘ద’ను ఉన్నదున్నట్టు బెంగాలీ లిపిలోకి మారిస్తే రాగాన్ని బట్టి ఒకచోట సరిపోతుంది, ఇంకోచోట తప్పుతుంది. పిల్లలు మొదట నేర్చుకునే ‘శ్రీ గణనాథ’ గీతం మలహరిలో ఉంది. అందులో ధైవతం మన లెక్కలో శుద్ధం, అంటే హిందుస్తానీ లెక్కలో కోమలం. అక్కడ ‘ద’ అని రాస్తే హార్మోనియం సరైన మెట్టే పలుకుతుంది. ‘వరవీణా’ గీతం మోహనంలో ఉంది. అందులోది చతుశ్శ్రుతి ధైవతం, హిందుస్తానీవాళ్ళకు శుద్ధం. అక్కడా ‘ద’ అనే రాస్తే హార్మోనియం అర స్వరం కిందికి దిగుతుంది, మోహనం మోహనంగా ఉండదు. ‘శుద్ధ’ అనే మాటే రెండు సంప్రదాయాల్లో రెండు స్వరాలను చూపిస్తోంది కాబట్టి ఆ మాట రాసి గండం గట్టెక్కలేం.

అందుకే భండారానికి మొదటి నియమం ఇది: ప్రతి గుర్తు పక్కనా అది ఎవరి కాగితం కోసమో రాసుకోవాలి. తెలుగు కాగితంలో ధైవతం ద1, ద2 అని అంకెతో ఉండాలి. బెంగాలీ కాగితంలో ద1 ఎదురుగా ‘ద’, ద2 ఎదురుగా ‘ధ’ రావాలి. స్టాఫ్‌లో స్వరం ఎలాగూ గీతమీద కనబడుతుంది, అక్షరం అక్కర్లేదు. ఈ మార్పిడిని ప్రతి పాటకూ మనసులో చేసుకోకండి. ఒకసారి పట్టికగా రాసి భండారంలో పెట్టండి.

ముందు ఏరుకోండి, తర్వాత కట్టండి

భండారం కట్టాలనుకున్న వెంటనే చాలామంది సంగీతంలో ఉన్న గుర్తులన్నీ పోగుచేయబోతారు. అది నిండిపోతుంది, వెతకడం కష్టమవుతుంది, నెల తిరక్కుండానే వదిలేస్తారు. మీ చేతిలో నిజంగా తిరిగే గుర్తులతో మొదలుపెట్టండి.

మీరు ఇటీవల రాసిన పాటల్లో ఓ పది తీయండి. ఖాళీ కాగితం మీద, ప్రతి పాటలో స్వరమూ సాహిత్యమూ కానిదేదైనా కనబడితే రాయండి. గమకాల గుర్తులు వస్తాయి. పల్లవి, అనుపల్లవి, చరణం అనే శీర్షికలు, సంగతుల సంఖ్యలు వస్తాయి. ఎత్తుగడ ఎక్కడో చెప్పే సూచనలు వస్తాయి: సమం మీదా, అర అక్షరం తర్వాతా, ఒక అక్షరం తర్వాతా అని. ‘ఒకరే పాడాలి’, ‘అందరూ’, ‘తబలా ఆపాలి’, ‘రెండోసారి నెమ్మదిగా’ వంటి మాటలు వస్తాయి. తాళాంగాల గీతలు వస్తాయి.

ఇప్పుడు ఏది ఎన్ని పాటల్లో వచ్చిందో పక్కన గీతలు పెట్టండి. మూడు పాటలకు మించి వచ్చినవి భండారంలోకి వెళ్తాయి. ఒక్కసారే వచ్చినవి ఆ పాటలోనే ఉండనివ్వండి. ఒకే పనికి రెండు మూడు గుర్తులు కనబడితే అది ఈ కసరత్తు ఇచ్చే అసలు ఫలితం. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని ఆ క్షణమే కొట్టేయండి. ‘రెండూ ఉండనీ, చూద్దాం’ అనుకుంటే వాయిదా వేసిన ఆ నిర్ణయాన్ని ప్రతి పాటలోనూ మళ్ళీ మళ్ళీ తీసుకోవాల్సి వస్తుంది.

మొదటి భండారంలో ఇరవై, పాతిక గుర్తులుంటే చాలు. పాలెట్ తెరవగానే తెర మీద దొర్లించకుండా అన్నీ ఒకేసారి కనబడాలి. అదే దాని హద్దు.

రూపాన్ని బట్టి కాదు, పనిని బట్టి పేరు

భండారం నిలుస్తుందా కూలుతుందా అన్నది పేర్ల మీద ఆధారపడుతుంది. ‘అలగీత’, ‘వాలుగీత 2’, ‘ఎర్ర బాణం’ అనేవి రూపం చెప్పే పేర్లు. రేపు రూపం మారితే పేరు అబద్ధమవుతుంది. పైగా స్టాఫ్‌లో కంపితానికి అలగీత పెట్టి, బెంగాలీ కాగితంలో మాటలో రాయాల్సి వస్తే రెండూ ఒకటేనని ఏ పేరు చెబుతుంది? ‘కంపితం’ అని పేరు పెడితే రూపం ఎన్ని కాగితాల్లో ఎన్ని రకాలుగా మారినా పేరు నిజంగానే ఉంటుంది.

పేరులో మూడు భాగాలుంటే మేలు: ఏ వర్గం, ఏ పని, ఎవరి కాగితం. ‘గమకం – కంపితం – స్టాఫ్’, ‘గమకం – ఏట్రజారు – తెలుగు’, ‘ఎత్తుగడ – అర అక్షరం – అందరికీ’. వర్గం ముందుంటే అక్షరక్రమంలో పేర్చినప్పుడు బంధువులన్నీ పక్కపక్కన చేరతాయి. వెతుకులాట పెట్టెలో ‘గమకం’ అని కొట్టగానే అన్నీ వస్తాయి. పేర్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా అన్నది మీ బృందంలో ఎవరు టైపు చేస్తారో వాళ్ళను బట్టి నిర్ణయించండి. ఏదో ఒకటే ఉంచండి. సగం అదీ సగం ఇదీ అయితే వెతుకులాట పనిచేయదు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసిన వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. టూల్ రూమ్‌లో ప్రతి పనిముట్టుకూ ఒక నంబరు, ఒక కొక్కెం ఉంటాయి. తీసినవాడు మళ్ళీ అక్కడే పెడతాడు, కొత్తగా చేరినవాడు కూడా అడగకుండా వెతుక్కుంటాడు. మీ గుర్తుల పేర్లు అంత పని చేయాలి.

మ్యూజ్‌స్కోర్‌లో కట్టే విధానం

మ్యూజ్‌స్కోర్ ఉచితం, లైనక్స్ మీదా విండోస్ మీదా నడుస్తుంది. బృందంలో అందరూ పెట్టుకోగలరు కాబట్టి దానితోనే వివరిస్తాను.

ఎఫ్9 నొక్కితే పాలెట్లు ఎడమవైపు తెరుచుకుంటాయి. అక్కడ ‘యాడ్ పాలెట్స్’ నొక్కి, సొంత పాలెట్ సృష్టించే అవకాశాన్ని ఎంచుకోండి. దానికి ‘గమకాలు’ అని పేరు పెట్టండి. ఇలాగే ‘ఎత్తుగడ, తాళం’, ‘పాట భాగాలు’, ‘సూచనలు’ అని మరో మూడు. నాలుగు పాలెట్లకు మించి వద్దు.

తర్వాత ‘నమూనా గుర్తులు’ పేరుతో ఒక ఖాళీ స్కోరు తెరవండి. ఒక్కో స్వరం మీద ఒక్కో గుర్తు తయారుచేయండి. కంపితానికి ప్రోగ్రాములో ఉన్న విబ్రాటో అలగీతల్లో ఒకటి తీసుకుని మందం సరిచేయండి. జారుకు గ్లిసాండో గీతలు పనికొస్తాయి. స్ఫురితానికి మూడు చుక్కల అక్షరాన్ని స్టాఫ్ టెక్స్ట్‌గా పెట్టండి. గుర్తు పరిమాణం, స్వరానికి ఎంత ఎత్తులో ఉండాలన్నదీ ఇక్కడే తేల్చుకోండి. ఒకసారి అచ్చు తీసి, చేతికి అందేంత దూరంలో కాగితం పట్టుకుని చూడండి. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దవాళ్ళకు కనబడకపోతే ఆ గుర్తు ఇంకా సిద్ధం కానట్టే.

సిద్ధమైనదాన్ని ఎంచుకుని, కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టి పాలెట్‌లోకి లాగండి. గడి మీద కుడి మౌస్ నొక్కి, ప్రాపర్టీస్‌లో మీరు నిర్ణయించిన పేరు ఇవ్వండి. ఆనక ఏ పాటలోనైనా స్వరాన్ని ఎంచుకుని పాలెట్‌లోని గడిని నొక్కితే గుర్తు వచ్చి కూర్చుంటుంది. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే వెతుకులాట పెట్టె వస్తుంది. పేర్లు బాగా పెట్టినవాళ్ళకు అన్నిటికంటే దగ్గరి దారి అదే.

సూచనల మాటలకు చేత్తో ఫాంటు, సైజు మార్చకండి. మ్యూజ్‌స్కోర్ స్టైల్ పట్టికలో వాడుకరి సొంతంగా తీర్చిదిద్దుకునే టెక్స్ట్ స్టైల్స్ ఉన్నాయి. ‘సూచన’ కోసం ఒకటి, ‘పాట భాగం’ కోసం ఒకటి కేటాయించండి. పాలెట్‌లో పెట్టే మాటలన్నీ వీటిలో ఏదో ఒక స్టైల్‌లోనే ఉండాలి. రేపు అక్షరం పెద్దది కావాలంటే స్టైల్ ఒక్కటి మారిస్తే స్కోరంతా మారుతుంది. ఆ స్టైల్‌ను ఫైలుగా భద్రపరిచి కొత్త స్కోర్లలోకి తెచ్చుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మ్యూజ్‌స్కోర్ పాలెట్ నుంచి స్కోరులో పడేది నకలు. పాలెట్‌లో గుర్తు మార్చినంత మాత్రాన పాత స్కోర్లు మారవు. డోరికోలో పద్ధతి వేరు. అక్కడ ఒక ప్లేయింగ్ టెక్నిక్ నిర్వచనం మారిస్తే ఆ ప్రాజెక్టులో అది ఉన్న ప్రతిచోటా మారుతుంది. దాని పక్కనున్న నక్షత్రం గుర్తు నొక్కితే తర్వాతి ప్రాజెక్టులకూ అందుతుంది. సిబేలియస్‌లో హౌస్ స్టైల్‌ను ఎగుమతి చేసి ఇంకో స్కోరులోకి దిగుమతి చేసుకోవాలి. లిలీపాండ్ వాడేవాళ్ళు నిర్వచనాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, ప్రతి పాట ఆరంభంలో ఆ ఫైలును పిలుస్తారు. అక్కడ ఒక్కచోట మార్చి మళ్ళీ నడిపితే అన్ని పాటలూ మారతాయి. మీ ప్రోగ్రాము నకలు ఇస్తుందా, నిర్వచనానికి కట్టిపడేస్తుందా అన్నది మొదటే తెలుసుకోండి. మార్పులు ఎంత జాగ్రత్తగా చేయాలో దాన్నిబట్టి తేలుతుంది.

ఎవరి కాగితంలో ఏది కనబడాలి

భండారంలో ఉన్న ప్రతి గుర్తూ ప్రతి కాగితం మీదా పడనవసరం లేదు. హార్మోనియం మెట్లు స్థిరం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి సాధ్యం కాదు. వాయిద్యకారుడి కాగితంలో జారు గీతలు నింపితే అతను చేయలేని పనిని పదేపదే అడిగినట్టవుతుంది. అతనికి కావలసింది, పాడేవాళ్ళు జారే చోట ఏ స్వరం పట్టి ఉంచాలన్నది. అందుకు వేరే గుర్తు ఉండాలి: ‘సూచన – స్వరం పట్టి ఉంచు – హార్మోనియం’. తబలా వాయించేవాళ్ళకు ఎత్తుగడ, ఆగే చోట్లు, వేగం మారే చోట్లు ముఖ్యం, గమకాలు అవసరం లేదు. పాడేవాళ్ళకు అన్నీ కావాలి.

తాళాంగాల విషయంలో కూడా ఇంతే ఆలోచన కావాలి. ఆదితాళాన్ని మనం నాలుగు, రెండు, రెండుగా విడదీసి, అంగం చివర ఒక నిలువుగీత, ఆవర్తం చివర రెండు నిలువుగీతలు వేస్తాం. స్టాఫ్ చదివే పిల్లలకు జంట నిలువుగీత అంటే పాటలో ఒక భాగం ముగిసిందని అర్థం. ఆవర్తానికోసారి భాగం ముగిసిందని చెబితే వాళ్ళు తికమకపడతారు. స్టాఫ్‌లో ఆవర్తానికి ఒక బారు, అంగాల మధ్య తెగిన గీతలు వేసి, జంట గీతను నిజంగా పల్లవి ముగిసినచోటే ఉంచండి. ఈ నిర్ణయాన్ని కూడా భండారంలో రాయండి. లేకపోతే వచ్చే ఏడాది ఇంకెవరో రాసే పాటలో అది తిరగబడుతుంది.

గుర్తుల పట్టిక

పాలెట్ రాసేవాళ్ళకే కనబడుతుంది. చదివేవాళ్ళకు కనబడాల్సింది గుర్తుల పట్టిక. ఒకే పుటలో గుర్తు, పేరు, చేయాల్సిన పని ఉండాలి. పని ఒక్క వాక్యంలో, చేసే క్రియతో చెప్పండి. ‘కంపితం: స్వరాన్ని పక్క స్వరం వైపు ఊపండి.’ ‘ఏట్రజారు: కింది స్వరం నుంచి ఆపకుండా పైకి జారండి.’ బెంగాలీ చదివేవాళ్ళకు ఇదే పట్టిక బెంగాలీ లిపిలో ఇవ్వండి. మీ అమ్మాయో అబ్బాయో బడిలో బెంగాలీ చదివి ఉంటే ఈ పని వాళ్ళకు అప్పగించండి. ఇంట్లోని తెలుగు పాటతో వాళ్ళకు ఒక పని ఏర్పడుతుంది.

పట్టిక మీద తేదీ వేయండి. గుర్తు చేర్చినా తీసేసినా తేదీ మార్చి, ఏం మార్చారో కింద ఒక పంక్తి రాయండి. ప్రతి పాట మొదటి పుటలో ‘గుర్తులు ఫలానా తేదీ పట్టిక ప్రకారం’ అని చిన్నగా ఉంచండి. పాత పాట ఏ నియమాలతో రాశారో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. కొత్త గుర్తులు మాత్రం మీ ఒక్కరి ఇష్టంతో చేరకూడదు. వాటిని చదివేవాళ్ళలో కనీసం ఒక్కరి చేత ముందు పాడించండి. వివరించకుండా కాగితం ఇచ్చి చూడండి. వాళ్ళు మీరనుకున్నదే పాడితే గుర్తు పనిచేస్తోందన్నమాట.

ప్రోగ్రాము పోయినా పాట మిగలాలి

నొటేషన్ ప్రోగ్రాములు శాశ్వతం కావు. 1988లో మొదలై దశాబ్దాలపాటు వృత్తి సంగీతకారులు నమ్ముకున్న ఫినాలేను ఇకపై అభివృద్ధి చేయబోమని దాని తయారీదారు 2024 ఆగస్టులో ప్రకటించారు. అందులో గుర్తుల లైబ్రరీలు ఏళ్ళ తరబడి పెంచుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. స్వరాలను మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి తీసుకెళ్ళవచ్చు. సొంతంగా చేసుకున్న గుర్తులు, వాటి అమరికలు ఆ ప్రయాణంలో పూర్తిగా చేరవు.

దీనికి విరుగుడు మూడు పనులు. పాలెట్‌ను దాని మూడు చుక్కల మెనూ నుంచి విడిగా ఫైలుగా భద్రపరచండి. ప్రోగ్రాము తీసేసి మళ్ళీ పెట్టినా, కంప్యూటరు మారినా అది తిరిగి తెరుచుకుంటుంది. ‘నమూనా గుర్తులు’ స్కోరును మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా, పీడీఎఫ్‌గా కూడా ఉంచండి. ఏమీ తెరుచుకోని రోజున పీడీఎఫ్ చూసి గంటలో మళ్ళీ కట్టుకోవచ్చు. మూడోది, గుర్తుల పట్టికను కాగితం మీద అచ్చు తీసి పాటల ఫైలుకు ముందు కుట్టండి. సుబ్బరామ దీక్షితుల గుర్తులు ఈనాటికీ మనకు అర్థమవుతున్నాయంటే ఆయన వాటిని అక్షరాల్లో వివరించి పెట్టినందుకే.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. డీటీపీ సెంటర్లలో అలవాటైన అను ఫాంట్లతో సాహిత్యం టైపు చేసి తెచ్చి అతికిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గీతలు కనబడతాయి. సాహిత్యమూ, సూచనలూ, గుర్తుల పేర్లూ అన్నీ యూనికోడ్‌లోనే ఉంచండి. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంట్లు అందరికీ దొరుకుతాయి. ఏ ఫాంటు వాడారో పట్టికలో రాసి, ఫాంటు ఫైలును కూడా పాలెట్ ఫైలు పక్కనే ఉంచండి.

సంగీత గుర్తుల ఫాంట్లకు కూడా ఒక ఉమ్మడి ఒప్పందం ఉంది. 2013లో స్టైన్‌బెర్గ్ సంస్థ స్మఫుల్ అనే ప్రమాణాన్ని ముందుకు తెచ్చింది. ఏ గుర్తు ఏ సంకేత సంఖ్య దగ్గర ఉండాలో అది నిర్ణయిస్తుంది. డోరికోలోని బ్రవూరా, మ్యూజ్‌స్కోర్‌లోని లీలాండ్ ఫాంట్లు దాన్నే పాటిస్తాయి. సొంతంగా బొమ్మ గీసేముందు ఈ ఫాంట్లలో సరిపడే రూపం ఉందేమో చూడండి. ఉంటే దాన్నే తీసుకోండి, ఇంకో ప్రోగ్రాములోకి వెళ్ళినా అది నిలుస్తుంది.

ఈ వారం చేయవలసిన పని

1. పది పాటలు తీసి, స్వరమూ సాహిత్యమూ కాని ప్రతిదాన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేయండి.

2. ఒకే పనికి రెండు గుర్తులున్న చోటల్లా ఒకదాన్ని కొట్టేయండి. ఈ పని ఒంటరిగా కాకుండా, మీ కాగితం చదివేవాళ్ళలో ఇద్దరిని కూర్చోబెట్టుకుని చేయండి.

3. మిగిలినవాటికి వర్గం, పని, ఎవరి కాగితం అనే మూడు భాగాల పేర్లు పెట్టండి. ధైవతం, రిషభం, గాంధారం, నిషాదాలకు తెలుగు, బెంగాలీ మార్పిడి పట్టిక రాయండి.

4. నమూనా స్కోరు తెరిచి నాలుగు పాలెట్లు కట్టండి. పాలెట్ ఫైలు, స్టైల్ ఫైలు, ఫాంటు ఫైలు, పీడీఎఫ్ అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టండి.

5. మలహరిలో ‘శ్రీ గణనాథ’, మోహనంలో ‘వరవీణా’ గీతాలను మొదటినుంచి చివరివరకు భండారంలోని గుర్తులతోనే రాయండి. తెలుగు, బెంగాలీ, స్టాఫ్ మూడు కాగితాలూ తీయండి. బృందాన్ని కూర్చోబెట్టి, ముందుగా ఏమీ వివరించకుండా పాడించండి. ఎక్కడ ఆగారో అక్కడే మీ పట్టికను సరిదిద్దండి.

6. ఆ ఫోల్డరును, అచ్చు తీసిన పట్టికను మీ తర్వాత రాయగలిగే చిన్నవాళ్ళలో ఒకరి చేతికి ఇచ్చి, తర్వాతి పాటను వాళ్ళ చేతనే రాయించండి. మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వాళ్ళు రాయగలిగేదాకా పట్టికను సరిదిద్దుతూ ఉండండి.